మీట కింద నాలుగు స్విచ్చులు

‘ముస్తఫా’ ఆట తెలియని వాళ్లు 1990లలో తెలుగు ఊళ్లలో పెరిగిన వాళ్లలో తక్కువ. దాని అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. ఆడటానికి ఎంచుకునే నలుగురిలో ముస్తఫా ఒకడు. మన దగ్గర ఆటకే ఆ పేరు ఖాయమైపోయింది. వీడియో గేమ్ షాపులో బిళ్ల వేస్తే ఒక లీవరూ రెండు బటన్లూ చేతికొచ్చేవి. ఒక బటన్ కొట్టడానికి, ఇంకోటి ఎగరడానికి.

ఆ షాపులు దాదాపు కనుమరుగయ్యాయి. లీవరూ బటన్లూ మాత్రం మిగిలాయి. వాటిని ఒళ్లో పెట్టుకునేంత పెట్టెలో బిగించి, యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కో ప్లేస్టేషన్‌కో తగిలిస్తే దాన్నే ఫైట్ స్టిక్ అంటున్నారు. ‘స్ట్రీట్ ఫైటర్’, ‘టెక్కెన్’ లాంటి కొట్లాట ఆటలను పోటీల స్థాయిలో ఆడేవాళ్లలో చాలామంది ఇప్పటికీ దీన్ని వదల్లేదు. ఆ ఆటలిప్పుడు పిల్లల కాలక్షేపం దాటి చాలా దూరం వచ్చాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’కు పతకాలు ఇచ్చారు. భారత్ తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. బంగారు పతకం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయసు అప్పటికి 44.

ఇక ఈ పెట్టె లోపలికి ఒక ఎలక్ట్రీషియన్ కళ్లతో చూద్దాం. పెద్దపల్లి జిల్లాలో రామగుండం, గోదావరిఖని అంటే బాయి పని, కరెంటు పని తెలిసిన చేతులకు కొదవ లేని చోటు. సింగరేణి గనులు, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం అన్నీ పక్కపక్కనే. అక్కడి ఎలక్ట్రీషియన్ చేతికి ఒక ఫైట్ స్టిక్ ఇచ్చి అడుగు పలక విప్పమంటే లోపల ఆయనకు తెలియని వస్తువంటూ ఒక్కటీ కనపడదు. కన్వేయర్ బెల్టు పక్కన ఉండే పుల్ కార్డ్ స్విచ్చుకూ, హాలేజీ దగ్గరి లిమిట్ స్విచ్చుకూ ఇది దగ్గరి చుట్టం. పాడైతే బాగుచేయడానికీ, చేతికి నప్పేలా మార్చుకోవడానికీ కావలసిన విద్య ఆ ఊళ్లలో ఉన్నదే.

ఆగితే ఆదాయం ఆగుతుంది

ఫైట్ స్టిక్ ఇంత తేలిగ్గా ఊడదీయడానికి వీలుగా ఎందుకుంది? ఆర్కేడ్ యజమాని లెక్క వల్ల. మిషను ఒక పూట ఆగితే ఆ పూట బిళ్లలు పడవు. బటన్ పోతే పది నిమిషాల్లో కొత్తది బిగించి ఆట మళ్లీ మొదలుపెట్టించాలి. అందుకే విడిభాగాలన్నీ ఒక కొలతకు వచ్చాయి. 1980ల మధ్యలో జపాన్ తయారీదారుల సంఘం ‘జామా’ పేరుతో 56 పిన్నుల ప్రామాణిక కనెక్టరును తెచ్చింది. పాత ఆట బోర్డు లాగేసి కొత్తది గుచ్చితే చాలు, అదే పెట్టెలో వేరే ఆట నడిచేది.

ఆటల వల్ల భాగాలు కూడా మారాయి. 1987 నాటి మొదటి ‘స్ట్రీట్ ఫైటర్’ ఒక రకం మిషన్లో రెండు పెద్ద రబ్బరు దిమ్మెలు ఉండేవి. ఎంత గట్టిగా గుద్దితే తెర మీద అంత గట్టి దెబ్బ. ఆటగాళ్ల చేతులూ మిషన్లూ రెండూ అలసిపోయాయి. వాటి స్థానంలో చిన్న, మధ్య, పెద్ద దెబ్బలకు వేర్వేరుగా ఆరు బటన్లు వచ్చాయి. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ప్రపంచాన్ని ఊపేశాక ఆ ఆరు బటన్లే ఆనవాయితీ అయ్యాయి. జామా కనెక్టరులో అన్ని బటన్లకు చోటు లేక తన్నుల కోసం విడిగా ఇంకో వైర్ల గుత్తి లాగాల్సి వచ్చేది.

ఆ ఆర్కేడ్ కొలతలే నేటికీ నడుస్తున్నాయి. ఆట బటన్లకు 30 మిల్లీమీటర్ల రంధ్రం, స్టార్ట్ లాంటి చిన్న బటన్లకు 24. జపాన్‌కు చెందిన సాన్వా, సెయిమిత్సు కంపెనీల లీవర్లు, బటన్లు దీనికి కొలమానంగా నిలిచాయి. 2009లో మ్యాడ్ క్యాట్జ్ కంపెనీ అసలైన సాన్వా భాగాలతో ‘స్ట్రీట్ ఫైటర్ 4’ కోసం ఫైట్ స్టిక్ అమ్మింది. ఆర్కేడ్ విడిభాగం మామూలు ఇళ్లలోకి పెద్ద ఎత్తున అడుగుపెట్టింది అప్పుడే. ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. అది అమ్మిన పెట్టెల్లో కొత్త బటన్లు బిగించి ఇంకా ఆడుతూనే ఉన్నారు.

నాలుగు స్విచ్చులు, ఎనిమిది దిక్కులు

లీవరును తిరగేసి చూస్తే నడుమ ఒక ఇనుప కడ్డీ. దానికి పైన బంతి, మధ్యలో పివట్, దాని కింద స్ప్రింగు, చివర యాక్చువేటర్ అనే ప్లాస్టిక్ గొట్టం ఉంటాయి. గొట్టం చుట్టూ నాలుగు పక్కలా నాలుగు మైక్రోస్విచ్చులు. అన్నిటికన్నా కింద గేటు అనే ప్లాస్టిక్ చట్రం. లీవరు ఎంతవరకు వంగాలో అది నిర్ణయిస్తుంది.

స్విచ్చులు నాలుగే అయినా దిక్కులు ఎనిమిది. మూలకు తోస్తే పక్కపక్కనున్న రెండు స్విచ్చులు ఒకేసారి కలుస్తాయి. ‘కింద’, ‘కుడి’ రెండూ కలిస్తే అది ఐమూల. నలుచదరం గేటులో లీవరు మూలలోకి తేలిగ్గా జారుతుంది. అష్టభుజి గేటులో ప్రతి దిక్కుకూ చేతికి తగిలే గాడి ఉంటుంది. కొత్తవాళ్లకు రెండోది నచ్చుతుంది. ఐమూలలు ఎక్కువగా వాడేవాళ్లు నలుచదరానికే మొగ్గు చూపుతారు.

మరమ్మతు చేసేవాళ్లు తరచూ బోల్తా పడే సంగతి ఒకటి ఇక్కడే ఉంది. లీవరు పివట్ మీద ఊగుతుంది కాబట్టి పై భాగం కుడికి పోతే కింది భాగం ఎడమకు పోతుంది. అంటే ‘కుడి’ సంకేతం ఇచ్చే స్విచ్చు ఎడమ పక్కన ఉంటుంది. తెర మీద కుడి పనిచేయకపోతే విప్పాల్సింది ఎడమ స్విచ్చును. ఇది గుర్తులేక బాగున్న స్విచ్చును పీకేసి, పాడైనదాన్ని అక్కడే ఉంచేసే వాళ్లున్నారు.

‘స్ట్రీట్ ఫైటర్’లో ర్యూ అనే పాత్ర అగ్నిగోళం విసరాలంటే లీవరును కింద నుంచి ఐమూల మీదుగా ముందుకు దొర్లించి, గుద్దు బటన్ నొక్కాలి. స్విచ్చుల లెక్కలో చూస్తే ముందు ‘కింద’ కలవాలి, అది వీడకముందే ‘ముందు’ కలవాలి, తర్వాత ‘కింద’ వీడాలి. ఏ ఒక్క స్విచ్చు మసకబారినా మధ్యలోని ఐమూల మాయమవుతుంది. ఆటగాడికేమో తన చెయ్యి పాడైనట్టు అనిపిస్తుంది. లోపం నిజానికి ఆ చిన్న స్విచ్చులో ఉంటుంది.

స్విచ్చు చిటుకు ఎక్కడిది?

మైక్రోస్విచ్చు 1930ల నాటి అమెరికా పుట్టుక. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో ఒక బ్యాటరీ కంపెనీలో పనిచేసిన మెక్‌గాల్ దీనికి 1932లో పేటెంట్ పొందాడు. లోపల విల్లులా వంచి బిగించిన పలుచని లోహపు రేకు ఉంటుంది. మీద నొక్కుతున్న కొద్దీ రేకు ఒత్తిడిని దాచుకుంటుంది. ఒక హద్దు దాటగానే డబ్బా మూత మధ్యలో నొక్కితే లోపలికి చిటుక్కున పడినట్టు రెండో వైపుకు దూకుతుంది. వేలు ఎంత మెల్లగా కదిలినా రేకు దూకే వేగం దాదాపు ఒకటే. అందుకే కాంటాక్టులు సగం కలిసీ కలవనట్టు ఉండిపోవు.

దూకే చోటూ, తిరిగి వచ్చే చోటూ ఒకటి కావు. కలవడానికి కొంత లోతుకు నొక్కాలి. వీడాలంటే అంతకన్నా పైకి రానివ్వాలి. ఈ తేడా లేకపోతే వేలు కాస్త వణికినా స్విచ్చు పదేపదే కలుస్తూ వీడుతూ ఉంటుంది. తేడా మరీ ఎక్కువైతే వెంటవెంటనే నొక్కడం కష్టం.

ఈ కొద్దిపాటి దూరం విలువ తెలియాలంటే 2004లో అమెరికాలో జరిగిన ఈవో అనే కొట్లాట ఆటల పోటీని చూడాలి. ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’ ఆటలో జపాన్‌కు చెందిన డైగో ఉమెహరా ఓటమి అంచున ఉన్నాడు. ఇంకొక్క దెబ్బ తగిలినా అయిపోతాడు. ఎదుటివాడు జస్టిన్ వాంగ్ 15 తన్నుల వరసను వదిలాడు. ఆ ఆటలో దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా లీవరును ముందుకు తడితే దాన్ని తోసిపుచ్చవచ్చు. డైగో 15 తన్నులనూ తోసిపుచ్చి, తిరిగి కొట్టి గెలిచాడు. తట్టిన ప్రతిసారీ ‘ముందు’ స్విచ్చు కలవాలి, లీవరు మధ్యకు రావాలి, స్విచ్చు వీడాలి, మళ్లీ కలవాలి. చేతి నేర్పు డైగోది. దానికి తోడు స్ప్రింగు బిగువు సరిగ్గా ఉండాలి, స్విచ్చు వీడాల్సిన చోట వీడాలి.

ఇక కాలం లెక్క. ఇలాంటి ఆటలు సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తాయి. ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. స్విచ్చు కలిసినప్పుడు లోహం లోహానికి తగిలి కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. దీన్ని బౌన్స్ అంటారు. కంప్యూటరుకు అది ఒక్క నొక్కులా కాక నాలుగైదు నొక్కుల్లా కనిపిస్తుంది. అందుకే లోపలి బోర్డు మొదటి సంకేతం చూడగానే కాసేపు మిగతా సంకేతాలను పట్టించుకోదు. 5 మిల్లీసెకన్ల విరామం మామూలు. స్విచ్చు అరిగి బౌన్స్ ఆ విరామాన్ని దాటితే ఒకసారి నొక్కితే రెండు దెబ్బలు పడతాయి. అలా జరుగుతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ బటన్ స్విచ్చునే.

నిప్పురవ్వ లేకపోవడమూ చిక్కే

స్విచ్చు వీడేటప్పుడు కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుట్టడం సహజం. బొగ్గుబాయిలో దానితో ప్రాణాలకే ముప్పు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే రవ్వ చాలు, పేలుతుంది. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో జరిగిన పేలుడులో 439 మంది గని కార్మికులు చనిపోయారు. సంకేతాల గంట వైర్ల దగ్గర పుట్టిన రవ్వ మీద అనుమానం పడింది. తర్వాత జరిగిన పరిశోధనల నుంచి, రవ్వ పుట్టినా వాయువును అంటించలేనంత తక్కువ శక్తితో వలయాలను రూపొందించే పద్ధతి వచ్చింది. పెద్ద మోటార్లకు అది కుదరదు కాబట్టి వాటి స్విచ్చులను మంట బయటికి పొక్కని దిట్టమైన పెట్టెల్లో పెడతారు. బాయిలో పనిచేసేవాళ్లు ఎఫ్‌ఎల్‌పీ అనేది వీటినే.

ఫైట్ స్టిక్‌లో కథ అడ్డం తిరుగుతుంది. చౌక లీవర్లలో వాడే పెద్ద మైక్రోస్విచ్చు మీద 250 వోల్టులు, 5 ఆంపియర్లు లాంటి అంకెలు కనిపిస్తాయి. స్టిక్‌లో దాని గుండా పోయేది 3.3 వోల్టుల దగ్గర కొన్ని పదుల మైక్రో ఆంపియర్లు. రవ్వ అనదగ్గది పుట్టదు. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కువ కరెంటు కోసం చేసిన స్విచ్చు కాంటాక్టులు సాధారణంగా వెండి మిశ్రమం. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ వెండి పట్టీలను నల్లబరిచినట్టే వాటి మీదా సన్నని పొర కడుతుంది. ఎక్కువ కరెంటు పోతే రవ్వ ఆ పొరను ఎప్పటికప్పుడు కాల్చేస్తుంది. ఇక్కడ కాల్చేది లేదు, పొర మందమవుతూ పోతుంది. చాలాకాలం మూలన పడేసిన స్టిక్‌లో బటన్లు ఒకసారి పలికి ఒకసారి పలకకపోవడానికి ఇదొక కారణం. అందుకే చిన్న సంకేతాల కోసం చేసే స్విచ్చుల్లో కాంటాక్టులకు బంగారు పూత వేస్తారు. బంగారం గంధకానికి లొంగదు.

అలా మొరాయించే స్విచ్చును పారేసే ముందు కొన్ని పదుల సార్లు గట్టిగా నొక్కి వదలాలి. కాంటాక్టులు ఒకదానితో ఒకటి రాసుకుని పొర చెదరవచ్చు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఒక చుక్క పనిచేస్తుంది. రెండింటికీ లొంగకపోతే స్విచ్చు మార్చడమే.

దుమ్ము ఊళ్లో లీవరు సేవ

ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, లారీల దుమ్ము ఉన్న చోట లీవరుకు మొదటి శత్రువు దుమ్మే. బొగ్గు పొడి మెత్తనిదే. దానితో కలిసి వచ్చే ఇసుకరాయి పొడిలోని క్వార్ట్జ్ ప్లాస్టిక్‌ను గీరేస్తుంది. అది గ్రీజులో కలిస్తే పివట్‌ను సానబట్టే ముద్ద తయారవుతుంది. కాబట్టి గ్రీజు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం ఇక్కడ పొరపాటు.

సాన్వా జేఎల్‌ఎఫ్ రకం లీవరును విప్పే వరస ఇది. ముందు యూఎస్‌బీ వైరు పీకేయాలి. అడుగు పలక స్క్రూలు తీశాక కడ్డీ కింది కొసన ఉన్న గాడిలో చదును స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకుని పై బంతిని తిప్పితే ఊడుతుంది. ఐదు వైర్ల కనెక్టరును లాగాలి. నాలుగు వైర్లు నాలుగు దిక్కులవి, ఐదోది గ్రౌండు. తర్వాత గేటు కొక్కేలు వదులు చేసి, స్విచ్చుల పలకను పైకి తీస్తే యాక్చువేటర్ కనిపిస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. కడ్డీ కొసన ఉన్న గాడిలో ఈ-క్లిప్పు అనే చిన్న లోహపు చుట్టు ఇరుక్కుని ఉంటుంది. స్ప్రింగు బలాన్నంతా అదే ఆపుతోంది. యాక్చువేటర్‌ను వేలితో లోపలికి నొక్కిపట్టి, ఇంకో చేత్తో సన్నని స్క్రూడ్రైవర్ మొనతో క్లిప్పును పక్కకు తోయాలి. నొక్కిపట్టకుండా తోస్తే మంచం కిందో బీరువా వెనకో వెతుక్కోవాల్సిందే. పనంతా ఒక పారదర్శక పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి చేస్తే ఎగిరినా అందులోనే పడుతుంది. ఊడిన భాగాలను వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చి ఫోనులో ఫొటో తీసుకోవాలి.

పాత గ్రీజును పొడిగుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవాలి. పివట్ గుండ్రటి భాగానికి సిలికాన్ గ్రీజు పొరలా రాస్తే చాలు. పెట్రోలియం నూనెలు, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. కొన్ని రకాల ప్లాస్టిక్ వాటికి ఉబ్బుతుంది లేదా పగులుతుంది. పైగా అవి దుమ్మును లాగుతాయి. స్విచ్చుల దరిదాపులకు గ్రీజు పోకూడదు. ఆడని రోజుల్లో స్టిక్ మీద గుడ్డ కప్పి ఉంచడం అన్నిటికన్నా చౌకైన మరమ్మతు.

ఏది పోయిందో వైర్లే చెబుతాయి

లోపం వెతకడానికి కావలసింది మల్టీమీటర్. బీప్ చేసే కంటిన్యూటీ మోడ్‌లో పెట్టి స్విచ్చు రెండు కాళ్లకూ మొనలు ఆనించాలి. మూడు కాళ్లుంటే కామన్, నార్మల్లీ ఓపెన్ అన్న రెండే చూడాలి. నొక్కినప్పుడు మోగి, వదిలితే ఆగితే స్విచ్చు మంచిదే. వదిలినా మోగితే అతుక్కుపోయింది. నొక్కినా మోగకపోతే పోయింది. మోగీ మోగక గరగరలాడితే కాంటాక్టుల మీద పొర కట్టింది.

మీటర్ లేకపోయినా లక్షణాలను బట్టి చాలావరకు తేల్చవచ్చు. ప్రతి బటన్‌కూ ఒక సంకేతం వైరు విడిగా వస్తుంది. గ్రౌండు వైరు మాత్రం చాలా స్టిక్‌లలో ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు గొలుసులా సాగుతుంది. ఒక్క బటనే పలకకపోతే దాని స్విచ్చునో, వైరు కొసన గుచ్చే లగ్గునో చూడాలి. వరసగా పక్కపక్కనున్న మూడు నాలుగు ఒకేసారి పోతే గ్రౌండు గొలుసు ఎక్కడో తెగింది. మొదటి పాడు బటన్‌కూ చివరి మంచి బటన్‌కూ మధ్యలోనే తెగి ఉంటుంది. అన్నీ పోతే యూఎస్‌బీ వైరు మార్చి చూశాకే బోర్డును అనుమానించాలి.

చాలా ఫైట్ స్టిక్‌లలో వైర్లను సోల్డర్ చేయరు, లగ్గుతో గుచ్చుతారు. సాన్వా బటన్లకు 2.8 మిల్లీమీటర్ల లగ్గు, పెద్ద మైక్రోస్విచ్చులకు 4.8 మిల్లీమీటర్లది. పదేపదే పీకి గుచ్చితే లగ్గు వదులవుతుంది. నోస్ ప్లయర్‌తో కొద్దిగా నొక్కితే మళ్లీ బిగుస్తుంది. వైరును పట్టుకుని లాగకుండా లగ్గును పట్టుకుని లాగితే ఆ అవసరమే తక్కువగా పడుతుంది.

చేతికి తగ్గ మార్పు

బాగుచేయడం వచ్చాక మార్చుకోవడం ఎంతో దూరం కాదు. లీవరు చప్పున మధ్యకు రావాలంటే గట్టి స్ప్రింగు వేసుకోవచ్చు. అప్పుడు తోయడానికి బలం కూడా ఎక్కువే పెట్టాలి. కొరియా లీవర్లలో స్ప్రింగు బదులు రబ్బరు దిమ్మె ఉంటుంది. మధ్యకు చప్పున వచ్చి ఊగకుండా ఆగుతుంది. ‘టెక్కెన్’ ఆటగాళ్లకు అది ప్రాణం. బంతి పిడి నప్పకపోతే పొడుగు పిడి బిగించుకోవచ్చు.

పెట్టెను ఇంట్లోనే చేసుకునేవాళ్లకు ఒక మాట. నొక్కితే బిగుసుకునే బటన్లు పలుచని లోహపు పలకకో యాక్రిలిక్‌కో సరిపోతాయి. మందపు ప్లైవుడ్‌కు వాటి కొక్కేలు అందవు, నట్టుతో బిగించే రకం కావాలి. 30 మిల్లీమీటర్ల హోల్ సా ఉన్న ఏ వడ్రంగి అయినా పలకకు రంధ్రాలు వేయగలడు. ముందు అట్టముక్క మీద గీసి, చెయ్యి ఆనించి, వేళ్లు సహజంగా ఎక్కడ పడుతున్నాయో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే చెక్కకు చేయి పెట్టాలి.

లోపలి బోర్డుల్లో చౌకది ‘జీరో డిలే’ పేరుతో దొరుకుతుంది. పేరులో ఉన్న సున్నా ఆలస్యం పనిలో ఉండదు. ఏ బోర్డుకైనా కొంత ఆలస్యం తప్పదు. 2021 జనవరిలో 4 డాలర్ల ధరతో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఈ లెక్క మార్చింది. దానిలోకి జీపీ2040-సీఈ అనే ఉచిత, బహిరంగ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అదే స్టిక్ బోర్డు అవుతుంది. ప్రతి స్విచ్చు నుంచి ఒక వైరు బోర్డు పిన్నుకు, ఇంకోటి గ్రౌండుకు కలిపితే చాలు. బోర్డు యూఎస్‌బీ ద్వారా సెకనుకు 1,000 సార్లు సమాచారం ఇస్తుంది, అంటే మిల్లీసెకనుకు ఒకసారి.

లీవరు మొత్తం తీసేసి నాలుగు దిక్కులకూ నాలుగు బటన్లు పెట్టుకునే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. అందులో కొత్త చిక్కొకటి ఉంది. లీవరు ఒకేసారి ఎడమకూ కుడికీ వంగలేదు, వేళ్లు మాత్రం రెండు బటన్లనూ ఒకేసారి నొక్కగలవు. అప్పుడేం చేయాలో బోర్డుకు ముందే చెప్పాలి. ఎడమ, కుడి కలిస్తే ఏ దిక్కూ కానట్టు లెక్కించాలని ‘స్ట్రీట్ ఫైటర్ 6’ అధికారిక పోటీల నిబంధన. పోటీకి వెళ్లేవాళ్లు బోర్డును అలాగే అమర్చుకోవాలి.

మామూలు గేమ్‌ప్యాడ్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. చాలా ప్యాడ్‌ల చిన్న లీవరు కింద కార్బన్ పూత మీద జారే పొటెన్షియోమీటర్లు ఉంటాయి. పూత అరిగితే ముట్టుకోకపోయినా బొమ్మ ఒక పక్కకు నడుస్తుంటుంది. దాన్ని మార్చాలంటే కిక్కిరిసిన బోర్డు మీద ఒక్కో కాలి సోల్డరూ పీకాలి, చాలామంది కొత్త ప్యాడే కొనేస్తారు. ఫైట్ స్టిక్‌లో పోయిన స్విచ్చును లగ్గు పీకి మార్చేయవచ్చు. మంచి స్విచ్చు అయితే తయారీదారులే కోటి నొక్కుల స్థాయి యాంత్రిక మన్నిక చెబుతారు. రెండు మైక్రోస్విచ్చులు, ఒక ఈ-క్లిప్పు, కాసిని లగ్గులు డ్రాయరులో ఉంటే ఒక పెట్టె ఏళ్ల తరబడి నడుస్తుంది.

కాబట్టి కొత్తది కొన్నా, పాతది బేరమాడినా ధర అడిగే ముందు తిరగేసి చూడండి. అడుగున స్క్రూలుండి, బటన్లు 30 మిల్లీమీటర్లవై, వైర్లు లగ్గులతో గుచ్చి ఉంటే అది కొనదగ్గది. పలకను జిగురుతో అంటించి, స్విచ్చులను నేరుగా బోర్డుకు సోల్డర్ చేసి ఉంటే ఎంత తక్కువకిచ్చినా ఖరీదే.